కిందినుంచి పేర్చిన ముఖం

ఓబులేసుకి అక్క ముఖం సరిగ్గా రావడం లేదు.

కన్నూ ముక్కూ తీరుగానే వస్తున్నాయి. చెవులు వస్తున్నాయి. గడ్డం కింద ఉండే ఆ చిన్న మడత కూడా వస్తోంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఎవరో పొరుగూరి మనిషి.

అతను కడప దగ్గర ఒక కాలేజీలో మొహిద్దీన్ సార్ శిష్యుడు. వాళ్ల పని రాళ్లతో. రాయిని పగలగొట్టకుండా స్కానింగ్ యంత్రంలో పెడితే, దాన్ని అడ్డంగా పలచటి ముక్కలు కోసినట్టు వరసగా బొమ్మలు వస్తాయి. ఆ ముక్కల్ని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే మళ్లీ మొత్తం రాయి తయారవుతుంది. అప్పుడు ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ కోసి లోపలికి తొంగి చూడొచ్చు. నీళ్లు ఆ రాతిలో ఏ సందులోంచి ఏ సందులోకి పోతాయో కనిపెట్టడం వాళ్ల చదువు. నీళ్లకి మొహం వాచిన సీమలో ఇంతకన్నా పనికొచ్చే చదువు ఇంకేముంటుందని సార్ అంటుండేవారు.

ముక్కలు పేర్చే ప్రోగ్రాం ఓబులేసు సొంతంగా రాసుకున్నాడు. ఎన్నో రాళ్లని పేర్చిపెట్టింది అది. ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాని మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది, ఎందుకు దాచడం.

అక్క పేరు సుంకులమ్మ. తలనొప్పి అంటూ ఆస్పత్రికి పోతే తలకి స్కానింగ్ తీసి, సీడీ చేతికిచ్చారు. చూసిన డాక్టరు పెదవి విరిచాడు. వానాకాలం దాటకుండానే అక్క పోయింది. జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించి, ఆ మర్నాడే బస్సెక్కి ల్యాబుకి వచ్చేశాడు ఓబులేసు. ఇంట్లోంచి ఆ సీడీ ఒక్కటే తెచ్చుకున్నాడు.

అమ్మ పోయాక అతన్ని సాకింది అక్కే. ఆమె ఫొటోలు లేకపోలేదు. ఆధార్ కార్డు మీద ఒకటి, ఎవరిదో పెళ్లిలో తీసింది ఒకటి. రెండింట్లోనూ కెమెరాని చూసి బిగుసుకుపోయి ఉంటుంది. అతనికి కావలసింది ఆ అక్క కాదు. ఆమె కుట్టుమిషను తొక్కుతుంటే ఎడమ పక్కన పీట వేసుకుని చదువుకునేవాడు. తలెత్తితే కనిపించేది ఆ పక్క ముఖమే. పళ్ల మధ్య దారం కొరుకుతూ, "గట్టిగా చదువు రా, నాగ్గూడా వినపడాల" అనే ముఖం. అది ఏ ఫొటోలోనూ లేదు. ఆ సీడీలో ఉంది. దాన్ని ఆ పక్కకి తిప్పి ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూసుకోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయింది.

పేర్చాడు. తిప్పాడు. చూస్తే అక్క కాదు.

స్కానింగ్‌లో జుట్టు రాదు, కళ్లు మూసే ఉంటాయి. అదంతా అతనికి తెలుసు. దాని గురించి కాదు అతని బాధ. చర్మం ఎక్కడ మొదలవుతుందో కంప్యూటర్‌కి చెప్పే అంకెని తగ్గించాడు, పెంచాడు. ముక్కకీ ముక్కకీ మధ్య దూరం మళ్లీ కొలిచాడు. గరుకు తీసి నునుపు చేశాడు, నునుపు తీసి గరుకు చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొన్నాళ్లు కంప్యూటర్‌ని తిట్టాడు. రాళ్లు డబ్బాల్లోనే ఉండిపోయాయి. ఉగాది వచ్చింది, పోయింది.

ఎంత వెతికినా తప్పు దొరక్కపోయేసరికి అతనికి ఇంకో భయం పట్టుకుంది. యంత్రం అబద్ధం చెప్పదు. ముక్కలూ సరిగ్గానే ఉన్నాయి. మరైతే తప్పు తనలోనే ఉందేమో. అక్క ముఖాన్ని తనే మరిచిపోయాడేమో. ఆ ఆలోచన వచ్చిన రోజు అతనికి అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం మొహిద్దీన్ సార్ నమాజుకి పోయి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఎదురెళ్లి అడిగాడు.

"సార్, మనిషి పోయి ఏడాది గూడా కాలా. ఇంతలోకే ముఖం మరిచిపోతామా?"

"ఎవురు మరిచినారు?"

"నేనే సార్."

సార్‌ని తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"ఇది మాయక్క. ముక్కలన్నీ సరిగ్గానే ఉండాయి. యాడా తప్పు లేదు. నాకు మాత్రం అక్క మాదిరి కనపడలా."

తన పని మానేసి ఇన్నాళ్లూ దీనితో కూర్చున్నందుకు తిడతారేమో అనుకున్నాడు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెబుతారేమో అని కూడా అనుకున్నాడు. ఆయన రెండూ చేయలేదు. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ముక్కలు యాడ్నించి పేర్చినావు అబ్బీ?"

"మన రాళ్లకు పేర్చినట్లే సార్. మొదటి ముక్క కింద, దాని మీద రెండోది."

"ఆస్పత్రోళ్లు మొదటి ముక్క యాడ తీసినారు?"

"నడినెత్తిన."

"అట్లయితే తల కిందులుగా వచ్చింటాదే."

"వచ్చింది సార్. తిప్పి నిలబెట్టినా."

సార్ మౌస్ అందుకుని ఆ ముఖాన్ని రెండో పక్కకి తిప్పి పెట్టారు. లేచి వెళ్లి, చేతులు కడుక్కునే చోట మేకుకి వేలాడుతున్న అద్దాన్ని తీసుకొచ్చారు. అంచు పగిలి, ఒక మూల పూత ఊడిపోయిన అద్దం.

"కంప్యూటర్‌కు వీపు పెట్టి కూచో."

ఓబులేసు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఆయన అద్దాన్ని అతని ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ జరిపారు. ముందు అతని చెవి కనిపించింది. తర్వాత కిటికీ. తర్వాత అతని భుజం మీదుగా వెనకున్న స్క్రీను కనిపించింది.

అద్దంలో అక్క ఉంది.

కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు ఎడమ పక్కనుంచి చూస్తే ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆ ముక్కు వంపు అదే, ఆ దవడ అదే. "యక్కా" అన్నాడు, పిలిస్తే పలుకుతుందన్నట్టు.

తెలివైనవాడే కాబట్టి మిగతాది అతనికి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. పైనుంచి పేర్చాల్సిన ముక్కల్ని కిందినుంచి పేర్చాడు. తలకిందులుగా వచ్చినదాన్ని తిప్పితే నిటారుగా నిలబడింది గానీ, కుడి ఎడమలు తారుమారుగానే ఉండిపోయాయి. ఆ ముఖం అద్దంలో చూసినట్టు అటుది ఇటైంది. ఇన్నేళ్లూ ఆ తప్పు ప్రోగ్రాంలోనే ఉంది. రాయికి కుడీ ఎడమా లేవు. ఏ రాయీ నోరు తెరిచి, అయ్యా నన్ను తిరగేశావని చెప్పలేదు. మనిషి ముఖం అలా కాదు. దానికి రెండు పక్కలూ ఒక్కటిగా ఉండవు. ఏ పక్కన కూర్చుని చూశామో ఆ పక్కే మనకి ఎక్కువ తెలుస్తుంది.

"నేను మరిచిపోలేదు సార్," అన్నాడు.

"లేదు అబ్బీ. నీ కన్ను బాగనే ఉండాది. సంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా వెతికినావు."

"ప్రోగ్రాంలో ఒక్క వరస మారిస్తే చాలు సార్. సరి చేసుకుంటా."

"చేసుకో."

ఓబులేసు కుర్చీ తిప్పుకున్నాడు. ఆ వరస మార్చి మళ్లీ పేర్చమన్నాడు. ముక్కలు ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. నడినెత్తి, నుదురు, మూసిన కళ్లు, ముక్కు, పెదాలు, గడ్డం. మెల్లగా ఎడమ పక్కకి తిప్పాడు.

ఇప్పుడు అద్దం అక్కర్లేదు. అక్కే. ఏ మాత్రం అనుమానం లేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఊపిరి లేకుండా, అక్క.

అతను కాసేపు అలాగే చూశాడు. తర్వాత అతని చెయ్యి మళ్లీ మౌస్ మీదికి పోయింది.

"ఈ చెవి కింద కొంచెం గరుగ్గా ఉండాది సార్. ఇంకొంచెం నునుపు చేస్తే... ఆ పెదాల కాడ గూడా ముక్క సరిగ్గా అతుక్కోలేదు. అది చూసి..."

మొహిద్దీన్ సార్ అద్దాన్ని బల్ల మీద బోర్లించారు. మౌస్ మీదున్న శిష్యుడి చేతి మీద తన చెయ్యి వేశారు. అది కదలడం ఆగింది.

"తప్పు దొరికింది గదా అబ్బీ," అన్నారు. "ఇంక ఏడ్చుకో."