ఊకలో గింజలు దాచిన బడి

అడవి బడికి పెద్దపంతులైన ముసలి ఎద్దు వృషభయ్య, ఆటలబడి ఉండాలా వద్దా అన్న సభలో నోరు విప్పగానే ఒక సంగతి తేల్చేశాడు.

"తురాయమ్మ మంచితనం గురించి నేను చర్చించను. పిల్లలకు ఆమె మీదున్న ప్రేమ గురించీ చర్చించను. ఫలితం ఒక్కటే చర్చిస్తాను."

తురాయమ్మ అనే కోడిపెట్ట, గడ్డివామి పక్క పాకలో, బడి ఈడు రాని కూనలకు ఆటలబడి నడిపేది. ఊకలో గింజలు దాచి, దొరికేదాకా వెతికించడం. వంతు వచ్చేదాకా ఆగడం నేర్పడం. అంతే ఆమె చదువు. ఆ పాక మీద జంబుకరావు అనే నక్కకు ఎప్పటినుంచో కన్ను.

"అయ్యవారూ, రెండో తరగతి వాళ్లను ఎక్కాలు అడగండి" అన్నాడు జంబుకరావు. "ఈవిడ దగ్గర రెండేళ్లు గంతులేసినవాళ్లూ, ఇంట్లో పడి నిద్రపోయినవాళ్లూ ఒకలాగే చెబుతారు. మరి ఆ రెండేళ్లూ ఏ గంగలో కలిసినట్టు?"

వృషభయ్య అడిగాడు. నిజమే, అందరూ ఒకలాగే చెప్పారు.

"ఎక్కాలు నేర్పానని నేనెప్పుడైనా అన్నానా పంతులుగారూ? ఇంకో అయిదేళ్లు ఆగి చూడండి" అంది తురాయమ్మ.

"అయిదేళ్లా! అప్పటికి కోడి ఉంటుందో, కూరవుతుందో!" అన్నాడు జంబుకరావు.

సభ ఘొల్లుమంది. వృషభయ్య నవ్వలేదు. మూసివేత ఉత్తర్వు మీద డెక్క ముద్ర వేశాడు. సాయంత్రానికల్లా జంబుకరావు పాకలో కాళ్లు చాపుకున్నాడు. తురాయమ్మ ఏటి అవతలికి వెళ్లిపోయింది. ఆ వారమే ఆటలబడిలో చేరవలసిన వృషభయ్య మనవరాలు గోమి ఇంటిపట్టునే ఉండిపోయింది.

అయిదేళ్లకు ఆ రెండో తరగతి వాళ్లే ఏడో తరగతికి వచ్చారు. పుస్తకంలో లేని లెక్క ఒకటి ఇచ్చాడు వృషభయ్య. ఇంట్లో పెరిగినవాళ్లు గడియ తిరక్కుండానే పలకలు పక్కన పెట్టేశారు. ఆటలబడి పిల్లలు మాత్రం తల ఎత్తలేదు. చెరిపారు, మళ్లీ వేశారు. చివరికి ఒక్కొక్కరే సాధించారు.

"ఎవరు చెప్పార్రా ఈ పద్ధతి?" అన్నాడు పెద్దపంతులు.

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు ఉడుత పిల్లవాడు. "ఊకలో ఎక్కడో గింజ ఉండే ఉంటుంది కదండీ."

వృషభయ్య ఇంటికి పరుగున వెళ్లి, మూడో తరగతి గోమికి దాని ఈడుకు తగిన చిక్కులెక్క ఒకటి ఇచ్చాడు.

"ఇది మాకు చెప్పలేదు తాతయ్యా" అంటూ గోమి పలక బోర్లించి, ఆవులించింది.

పసితనపు చదువుకు తొందరపడి పరీక్ష పెట్టినవాడు, ఆ పరీక్షలో తానే తప్పుతాడు.

నెల తిరగకుండా తురాయమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. "పంతులుగారికి నమస్కారాలు. పిల్లలు లెక్క చేశారని విని సంతోషించాను. మన గోమి ఎలా చదువుతోంది?"