అలుగు తవ్విన ఏడు గదులు

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర ఒక ఎర్రమట్టి గుట్ట. ఆ గుట్ట కింద ఒక అలుగు ఒంటరిగా ఉండేది.

పిల్లలూ, మీరు అలుగుని చూసి ఉండరు. చూసినవాళ్ళు కూడా దాని మొహం చూసి ఉండరు. ఒంటి నిండా పెంకులు, పొడుగు ముక్కు, ముందుకాళ్ళకి వంకర గోళ్ళు. ఎవరైనా "బాగున్నావా" అని పలకరిస్తే చాలు, తల పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. పలకరించినవాళ్ళు కాసేపు నిలబడతారు. తర్వాత వాళ్ళ పనిమీద వాళ్ళు పోతారు. వాళ్ళు పోయాక అలుగు మెల్లగా తల బయటికి పెట్టి "బాగున్నానండీ" అంటుంది. వినేవాళ్ళెవరూ ఉండరు.

దానికి మాట్లాడాలనే ఉండేది. మాటే వచ్చేది కాదు. వచ్చిందల్లా తవ్వడం. అందుకని అది ఒక ఆట తవ్వింది.

గుట్ట కడుపులో వరసగా ఏడు గదులు. మొదటి ఆరు గదుల్లోనూ చిన్న ప్రాణి తోసినా దొర్లేంత నున్నటి గుండ్రాయి ఒక్కొక్కటి. నేలమీద కొన్ని గుంటలు. ఎదురుగా తలుపులాగా ఒక పలకరాయి. గుండ్రాయి సరైన గుంటలో పడితే పలకరాయి పక్కకి ఒరుగుతుంది, తర్వాతి గదికి దారి వస్తుంది. దాటాక రాయీ పలకా మళ్ళీ మొదటి చోటికే వచ్చేస్తాయి. ఏది సరైన గుంటో గోడమీద అలుగు గోటితో గీసిన గీతలు చెబుతాయి. లోపల చీకటి కదా, ఆ గీతలు కంటికి కనబడవు. తడుముకోవాలి. తడిమి, కూర్చుని ఆలోచించాలి. వెనక్కి పోదామనుకుంటే మాత్రం ఏ పలకైనా ఒక్క తోపు తోస్తే చాలు, తెరుచుకుంటుంది.

ఏడో గదిలో రాయి లేదు, గుంటలు లేవు. ఎండుగడ్డి పరుపులు రెండు ఉన్నాయి. ఒకటి అలుగుకి. ఇంకొకటి అంతదూరం వచ్చినవాళ్ళకి.

"ఆరు గదులూ దాటి వచ్చారంటే నా గీతలన్నీ చదివినట్టే కదా" అనుకుంది అలుగు. "ఇంక నేను కొత్తగా ఏం మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు."

గుమ్మం ముందు తెల్లరాళ్ళు వరసగా పేర్చింది. నోరు తెరిచి పిలవలేనివాళ్ళు అలాగే పిలుస్తారు. తర్వాత గుట్ట వెనకవైపు తనకోసం తవ్వుకున్న నిట్టనిలువు కన్నంలోంచి ఏడో గదిలోకి దిగి, తన పరుపుమీద కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందే, ఒక బోదురుకప్ప ఆ తెల్లరాళ్ళ దగ్గరికి వచ్చింది. వానలు వెనకబట్టాక దాని తోటి కప్పలన్నీ ఏటివైపు పోయాయి. ఇది గెంతలేక వెనకబడింది. రాళ్ళ పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. అది వెళ్ళడం ఎవరూ చూడలేదు. బోదురుకప్ప ఎటు పోతోందో ఎవరిక్కావాలి. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

పొద్దెక్కాక కొండముచ్చు వచ్చింది.

"ఇదేమిటర్రా, గుట్టకి నోరొచ్చింది" అంటూ లోపలికి దూరింది. కాసేపు ధనధనా చప్పుళ్ళు వినబడ్డాయి. అంతలోనే బయటికి వచ్చేసింది.

"ఏముంది మామా లోపల?" అని తుమ్మచెట్టు మీంచి ఉడత అడిగింది.

"రాయుంది."

"ఇంకా?"

"ఇంకో రాయుంది. తలుపు కాబోలు, తెరుచుకోదు. రాళ్ళు చూడ్డానికి లోపలిదాకా పోవాలా, బయట కరువొచ్చిందా?"

తర్వాత నక్క వెళ్ళింది. అది కాస్త తెలివైంది. రెండు గదులు దాటి, మూడో గదిలో అడుగుపెట్టి, వెనక్కి వచ్చింది.

"ఇలాంటివి నేను బోలెడు చూశాను" అంది మూతి తుడుచుకుంటూ. "రెండు గదులు దాటాను. దాటితే ఏమిచ్చారు? మూడో గదిచ్చారు. కష్టపడినవాడి చేతిలో ఒక పండైనా పెట్టాలా వద్దా? పైగా అక్కడ కాలి కింద మెత్తగా ఏదో మట్టిబెడ్డ."

ఆ తర్వాత నెమలి వెళ్ళింది. వెళ్ళినంతసేపు పట్టలేదు రావడానికి.

"తోక మడుచుకుని దూరాల్సి వచ్చింది. పోనీ దూరినందుకు ఎవరైనా చూశారా అంటే, అంతా చీకటి. నేను వెళ్ళినట్టు నాకే తెలీలేదు."

"నేనైతే వెళ్ళలేదు లెండి" అంది ఉడత. "కానీ అస్సలు బాగోలేదు."

"వెళ్ళకుండా ఎలా చెబుతావే?" అంది నక్క.

"మీరు ముగ్గురూ వెళ్ళి బాగోలేదన్నారు. నేనూ వెళ్తే నలుగురం అంటాం. దానికోసం నేనెందుకు ఒళ్ళు మాపుకోవడం?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు గుట్ట చుట్టూ తిరిగి, వెనక కన్నంలోంచి ఏడో గదిలోకి దిగింది. పరుపుమీద కూర్చున్న అలుగుకి వినబడింది. ఏమంటున్నారో తెలుసుకోవాలనిపించింది. కన్నంలోంచి పైకి పాకి, గుమ్మం పక్కనున్న తంగేడు పొద చాటుకి చేరింది. అన్నీ వింది.

ఆ రోజునుంచి అది ఆ పొద చాటునే ఉండిపోయింది. ఏడో గదిలో ఎవరూ లేరు.

వినడమే కాదు, విన్నవన్నీ దిద్దడం మొదలుపెట్టింది. కొండముచ్చుకి కష్టమైందని మొదటి రెండు గదుల్లో పలకరాళ్ళు పీకేసింది. నక్క అడిగిందని రెండో గదిలో రేగుపళ్ళు పోసింది. నెమలికోసం మొదటి గదికి పైన పెద్ద కంత పెట్టి వెలుతురు రప్పించింది. దిద్దుతున్నప్పుడు గోడమీద గీతలు చాలా రాలిపోయాయి. రాలితే రాలాయిలే అనుకుంది.

అందరూ మళ్ళీ వచ్చారు.

"ఇంతేనా?" అంది కొండముచ్చు. "నడిచి వెళ్ళాను, నడిచి వచ్చాను. దీన్ని ఆటంటారా?"

"పళ్ళు పులుపు" అంది నక్క.

"వెలుతురు సరేగానీ, సరిగ్గా నా మెడమీద పడట్లేదు" అంది నెమలి.

"చెప్పానా?" అంది ఉడత.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. రేగుపళ్ళు కుళ్ళిపోయాయి. తెల్లరాళ్ళమీద ఆకులు రాలాయి. అలుగు పొద చాటునే కూర్చుని చెవి రిక్కించేది. గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. వాళ్ళు వెక్కిరించినప్పుడు కూడా దానికి ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"నేను తవ్విన ఆట ఎవరికీ అక్కర్లేదు" అనుకుంది. "పూడ్చేస్తాను."

ముందు గుమ్మం పూడ్చింది. మొదటి గది పూడ్చింది. రెండో గది, రేగుపళ్ళతో సహా పూడ్చింది. మిగతా గదుల జోలికి వెళ్ళడానికి మనసొప్పలేదు. వెనక కన్నం మూసేస్తే అయిపోతుంది కదా అనుకుని గుట్ట వెనక్కి వచ్చింది. కిందికి చూస్తే ఆ రెండు పరుపులూ కళ్ళబడతాయి. అందుకని కన్నానికి వీపుపెట్టి నిలబడి, వెనక్కాళ్ళతో మట్టి తోయడం మొదలుపెట్టింది.

లోపల్నుంచి ఒక సన్నటి గొంతు వినబడింది.

"పైన ఎవరమ్మా? ఇది కూడా ఆటలో ఉందా? తలమీద మట్టి పడుతోంది. దీనికి గీతలేవీ దొరకలేదు నాకు."

అలుగు ఎప్పుడూ ఏంచేస్తుందో అదే చేసింది. తల పొట్టలో దాచుకుని చుట్టుకుపోయింది. చుట్టుకుపోయిన అలుగు తవ్వలేదు, కదల్లేదు. పక్కన పోసిన మట్టి మాత్రం తనంతట తను కన్నంలోకి జారుతూనే ఉంది.

"పోనీలెండి" అంది కింద గొంతు, ఈసారి ఇంకా చిన్నగా. "కాసేపు కూర్చుని ఆలోచిస్తాను. ఇన్ని గదుల్లో తెలిసింది, ఇదీ తెలుస్తుంది."

తర్వాత గొంతు వినబడలేదు. మట్టి జారే చప్పుడే వినబడింది.

పిల్లలూ, ఆ కాసేపూ అలుగు ఏమనుకుందో నాకు తెలీదు. బంతిలా ఉన్నంతసేపు దానికి ఏ భయమూ లేదు. తల బయటికి పెడితే ఎవరో చూస్తారు, ఏదో అంటారు. పెట్టకపోతే, తన ఆటని నమ్ముకుని కింద కూర్చున్న ప్రాణి మట్టిలో కలిసిపోతుంది.

అలుగు తల బయటికి పెట్టింది.

"ఆలోచించకు" అంది. దాని గొంతు దానికే కొత్తగా ఉంది. "అది ఆట కాదు. పక్కకి జరుగు, గోడకి ఆనుకుని ఉండు. నేను వస్తున్నాను."

గోళ్ళు విరిగేలా తవ్వింది. మట్టితో పాటు తనూ జారి ఏడో గదిలో పడింది. మూల గోడకి ఆనుకుని బోదురుకప్ప కూర్చుని ఉంది. నడుందాకా మట్టి.

"మీరేనా అక్కా గీతలు గీసింది?" అంది బోదురుకప్ప.

"నేనే" అంది అలుగు, దానిమీది మట్టి తీస్తూ. "నువ్వెప్పుడొచ్చావు?"

"మొట్టమొదటి రోజునే. మూడో గదిలో మీమీద కోపమొచ్చింది. ఎవరో నామీద కాలేసి తొక్కి పోయారు కూడా. నాలుగో గదిలో గోడ తడుముతుంటే ఒక గీత తప్పు గీసి, చెరిపి, మళ్ళీ గీసినట్టు తగిలింది. ఓహో, గీసినవాళ్ళకీ ఇక్కడ తికమక అయిందన్నమాట అనుకుని నవ్వొచ్చింది. నేను నవ్వి చాలా రోజులైంది అక్కా. ఐదో గదిలో గోడకి చెదలున్నాయి. ఎవరివోనని అడగడానికి ఎవరూ కనబడక, తినేశాను."

"వచ్చినవాళ్ళకోసం ఉంచినవే" అంది అలుగు. "మరి బాగుందని ఒక్కమాట ఎవరితోనైనా అనుంటే" అంది.

"ఇంకా అవలేదు కదా. లోపల ఆడుతున్నదాన్ని, బయటికొచ్చి ఎలా చెబుతాను?"

అలుగు ఆఖరి మట్టిబెడ్డ తీసి పక్కన పెట్టింది.

"ఇక్కడికొచ్చాక రెండు పరుపులు తగిలాయి" అంది బోదురుకప్ప. "ఒకటి నాకూ, ఒకటి ఆట చేసినవాళ్ళకీ అనుకున్నాను. ఒకటైనా వెచ్చగా ఉంటుందేమోనని తాకి చూశాను. రెండూ చల్లగానే ఉన్నాయి. సరే, ఏదో పనుండి ఉంటుంది, వస్తారులే అని కూర్చున్నాను."

తను ఎక్కడుందో అలుగు చెప్పలేకపోయింది. తంగేడు పొద చాటున కూర్చుని, రెండు గదులు కూడా సరిగ్గా చూడనివాళ్ళ మాటలు వింటూ ఉందని ఎలా చెబుతుంది. తన పరుపుమీద కూర్చుంది. బోదురుకప్ప రెండో పరుపెక్కింది. ఇద్దరూ చాలాసేపు ఊరికే అలా కూర్చున్నారు. మాట్లాడాల్సిన అవసరం కనబడలేదు.

"మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చా?" అని అడిగింది బోదురుకప్ప.

"మొదటి రెండు గదులూ లేవు. పూడ్చేశాను."

"రెండో గది కూడానా?" అంది బోదురుకప్ప. "అందులో మూలన ఒక గీత ఉండేది. వంపు తిరిగి మళ్ళీ మొదటికే వచ్చేది. అది నాకు చాలా ఇష్టం."

మర్నాడు చలిగాలి మొదలైంది. బోదురుకప్పలు చలికాలం మట్టి లోతుకి దిగి పడుకుంటాయి. మళ్ళీ తొలకరికే లేస్తాయి. అలుగు దాన్ని తన వీపుమీద ఎక్కించుకుని కన్నంలోంచి పైకి తెచ్చి, ఏటిగట్టు దాకా దిగబెట్టింది.

"తొలకరికి రెండో గది ఉంటుందా అక్కా?" అంది బోదురుకప్ప మట్టిలోకి దిగుతూ.

"ఉంటుంది" అంది అలుగు. ఈసారి వినేవాళ్ళు ఉండగానే అంది.

అప్పట్నుంచి రోజూ తవ్వింది. గుమ్మం తెరిచింది. మొదటి గది మళ్ళీ లేచింది, కంత లేకుండా, చీకటిగా. రెండో గదీ లేచింది. కానీ మూలన ఆ వంపు గీత ఎలా గీసిందో దానికి గుర్తు రాలేదు. గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. ముందున్నట్టు మాత్రం రాలేదు.

ఒకరోజు బయట ఉడత గొంతు వినబడింది. "మళ్ళీ తవ్వుతోందట. ఈసారి కూడా బాగుండదట."

అలుగు గోరు ఆగింది. తంగేడు పొద గుర్తొచ్చింది. ఇంకా ఏమంటుందో విందామా అనిపించింది. కాసేపలాగే నిలబడి, తర్వాత వెనక కన్నంలోంచి ఏడో గదిలోకి దిగింది.

రెండో పరుపుమీద గడ్డి మధ్యలో చిన్న గుంటలా నొక్కుకుని ఉంది, బోదురుకప్ప కూర్చున్నంత మేర. అలుగు దాన్ని సర్దలేదు. తన పరుపుమీద ముడుచుకుని పడుకుంది. తొలకరికి ఇంకా చాలా రోజులున్నాయి. కానీ ఈలోపు ఎవరైనా వచ్చి తాకి చూస్తే, ఒక పరుపైనా వెచ్చగా తగలాలి కదా.

నీతి: గుమ్మంలోంచి తిరిగిపోయినవాళ్ళ మాట పట్టుకుని, లోపల నడుస్తున్నవాళ్ళ దారి పూడ్చకూడదు.