కీచుమన్న క్లారినెట్టు

సైదులు క్లారినెట్టు మళ్ళీ కీచుమంది.

పొద్దు వాలుతోంది. కాసేపట్లో దర్గా నుంచి గంధం ఊరేగింపు బయల్దేరుతుంది. ఏటా ముందు నడుస్తూ వాయించే కాలేషా మాస్టారు ఈసారి ఆయాసంతో నడవలేక, "నువ్వు వాయించరా" అన్నారు. అన్న రోజు నుంచీ సైదులు ఒకటే కలలు. తన పాటకి జనం వీధరుగుల మీదకొచ్చి నిలబడిపోయినట్టు, మల్లెల వాసనతో కలిసి ఆ పాట ఊరు దాటి పోతున్నట్టు. తీరా వేళకి ఇదీ!

తప్పంతా రీడుదే అనుకున్నాడు. క్లారినెట్టు మూతికి బిగించే ఆ పలచటి రెల్లుబద్ద అదిరితేనే కదా పాట పలికేది! ఒకదాన్ని నీళ్ళలో నానేశాడు. ఇంకోదాన్ని బ్లేడుతో గీకి గీకి పాడుచేశాడు. మరలు బిగించాడు, వదులు చేశాడు. ఊదితే కోడిపెట్ట మెడ పట్టుకున్నట్టు అదే కీచు.

"మాస్టారూ, నా రీడులన్నీ చచ్చినయ్. మీది ఇప్పించండి," అన్నాడు ఏడుపు గొంతుతో.

ఎవర్నీ తాకనివ్వని రీడు అది. ఏదో మహిమ ఉందని సైదులు నమ్మకం. మాస్టారు తన క్లారినెట్టు నుంచి ఊడదీసి వాడి చేతిలో పెట్టారు.

కళ్ళకద్దుకుని, బిగించి, ఊదాడు.

కీచు!

"ఇది కూడానా!" అన్నాడు సైదులు.

"ఇటు తే," అన్నారు మాస్టారు. క్లారినెట్టు అందుకుని తన రీడు తీసేశారు. సైదులు విసిరేసిన వాటిలోంచి నానేసిన రీడు ఏరి బిగించారు. ఆ తర్వాత నోట్లో వేళ్ళు పెట్టుకుని పై పళ్ళూ కింది పళ్ళూ ఊడదీసి, పక్కనున్న నీళ్ళ చెంబులో వేశారు.

సైదులు కెవ్వుమనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తెల్లటి పలువరస చూసి ఎంత మురిసిపోయేవాడో! ఇప్పుడు ఎదురుగా బుగ్గలు గుంటలు పడ్డ ఎవరో ముసలాడు.

ఆ ముసలాడు బోసినోటితో ఊదాడు.

పాట లేచింది. వెన్నలా, తడబాటు లేకుండా. సైదులు పారేసిన రీడే!



ఆయాసం వచ్చి మాస్టారు ఆపేశారు. తిరిగి ఇస్తూ క్లారినెట్టు మూతి మీద బొటనవేలితో ఊరికే రాశారు. ఆ నల్లటి మూతి మీద రెండు పంటిగాట్లు, లోతుగా ఉన్నాయి. సైదులు తన కింది పెదవి లోపల నాలుకతో తడుముకున్నాడు. ఉప్పగా, నెత్తురు.

బయట డప్పులు మొదలయ్యాయి.

"నా పళ్ళు ఊడి రావు కదా మాస్టారూ!" అన్నాడు బిక్కచచ్చిపోయి.

"రానక్కర్లా," అన్నారు మాస్టారు బోసినవ్వు నవ్వుతూ. "ఊరేగింపు అయ్యేదాకా వాటిని పడుకోమని చెప్పు."