సేనాపతి కండువా

ఏ రాజు కాలమో గానీ, సేనాపతి భైరవరాయుడు రాణిగారి మెప్పు కోసం ఓ కానుక వెతుకుతూ, భటులతో గుర్రమ్మీద గంపలల్లే సూరమ్మ ఇంటికొచ్చి, తల్లి పక్కనున్న పిడికెడంత కుక్కపిల్లను ఎత్తి రొమ్ముకి హత్తుకున్నాడు.

"ఇంకా పాలు మానలేదు దొరా. చిన్నజాతిది, ఇంకొన్నాళ్ళు తల్లి దగ్గరే ఉండాలి" అంది సూరమ్మ.

"ఆ తల్లి దగ్గర ఉండి, ఈ సేనాపతి దగ్గర లేనిదేముందే?" అని గర్జించాడు.

అంతలో పిల్ల అతని కండువా కొస నోట పెట్టుకుని ఆబగా చప్పరించసాగింది.

"అదే వెతుక్కుంటోంది దొరా. దొరికితే తీసుకెళ్ళండి" అంది సూరమ్మ చేతులు జోడించి.

వెనక భటులు కిసుక్కుమన్నారు. సేనాపతి ముఖం కందిపోయింది. తలెత్తకుండా పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టాడు. తడిసిన కండువా కొసను గుప్పిట్లో దాచుకుని, గుర్రం సంగతే మరిచి, నడిచే వెళ్ళిపోయాడు.