తీతువమ్మ గూట్లో తెల్లబంతి

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఆనుకునే మనుషులు గోల్ఫ్ ఆడుకునే మైదానం. కంచె దాటి వచ్చిపడ్డ తెల్లబంతులూ, మనుషులు విసిరేసిన కర్రలూ ఏరుకుని, జంతువులు కూడా సాయంత్రంపూట అదే ఆట ఆడుకునేవి. కుందేలు వదిలేసిన బొరియలో బంతి పడాలి, అంతే. ఒక్కటే కట్టుబాటు: ఎటు పోయినా సరే, కొట్టినవాడే వెళ్లి బంతిని వెతికి తెచ్చుకోవాలి.

అందరిలోకీ బలంగా కొట్టేది బొంతడనే ఎలుగుబంటి. బలం సరే, గురి మాత్రం దేవుడికే ఎరుక. ఎందుకో తెలుసా పిల్లలూ? కర్ర బంతిని తాకకముందే వాడి తల పైకి లేచేది. నన్నెవరు చూస్తున్నారు, ఎవరు చప్పట్లు కొడతారు అని వాడి బెంగ!

కొంగతాత చెప్పి చూశాడు. "ఒరే బొంతా, కాళ్లు కుదురుగా ఆనించు. కర్ర నెమ్మదిగా ఎత్తు. దెబ్బ పడేదాకా బంతినే చూడు. ఎవరూ లేనప్పుడు వచ్చి నాలుగు రోజులు సాధన చెయ్యి, అదే కుదురుతుంది."

"నీ కొంగజపం నాకెందుకు తాతా? చూసేవాళ్లు లేకపోతే కొట్టడమెందుకు?" అని బొంతడు పకపకా నవ్వాడు.

ఆ సాయంత్రం వాడి మొదటి బంతి ముళ్లకంపలో పడింది. రెండోది వాగులో పడింది. కోతులు ఇకిలించాయి. బొంతడికి రోషం పొడుచుకొచ్చింది. మూడోసారి ఉన్న బలమంతా పెట్టి, కోతులవైపు చూస్తూ కొట్టాడు. బంతి రాళ్లదిబ్బ వెనక్కి పోయింది.

వెతుక్కుంటూ ఒక్కడే వెళ్లాడు. అక్కడ నేలమీద, గులకరాళ్ల మధ్య తీతువుపిట్ట తీతువమ్మ గూడు. నాలుగు గుడ్లలో ఒకటి చితికిపోయింది. దాని చోట బంతి ఉంది. తీతువమ్మ నీళ్లకు పోయినట్టుంది. బొంతడు గబగబా పెంకులు మట్టిలో కప్పెట్టాడు. ఇంతలో రెక్కల చప్పుడైంది. బంతిని అక్కడే వదిలేసి పరుగు తీశాడు.

"బంతి దొరకలేదు" అని అందరికీ చెప్పాడు.

మర్నాడు అటుగా పోతుంటే తీతువమ్మే పిలిచింది. "చూశావా నాయనా, నా నాలుగోది ఎంత తెల్లగా ఉందో! మా అత్తగారి పోలిక."

బొంతడికి ఆ రోజు ఇప్పపూలు కూడా సహించలేదు.

కొన్నాళ్లకు బొంతడు మళ్లీ అటు వెళ్లేసరికి మూడు పిల్లలు బయటికొచ్చేశాయి. తీతువమ్మ మాత్రం గూడు వదల్లేదు. ఎండకు రొప్పుతూ బంతి మీదే కూర్చుంది. దూరంగా పిల్లలు ఒంటరిగా తిరుగుతున్నాయి. వాటి పైన గద్ద తిరుగుతోంది.

"ఇది కాస్త ఆలస్యంగా పుట్టేలా ఉంది బాబూ. నువ్వు ఆడేటప్పుడు బంతి ఇటు రాకుండా చూసుకో, నీకు పుణ్యముంటుంది" అంది తీతువమ్మ.

బొంతడికి సిగ్గుతో చచ్చినంత పనైంది. అంత ఒళ్లు పెట్టుకుని ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. గద్ద ఇంకాస్త కిందికి దిగింది.

"అమ్మా, అది గుడ్డు కాదు, నా బంతి! నీ గుడ్డు నేనే చితక్కొట్టాను. పైగా కప్పెట్టాను. ముందు పిల్లల దగ్గరికి పో!" అని అరిచాడు.

తీతువమ్మ లేచింది. బంతిని ముక్కుతో పొడిచి చూసింది. టక్కుమంది. ఒక్క ఉదుటున ఎగిరిపోయి మూడు పిల్లల్నీ రెక్కల కిందికి తీసుకుంది. బొంతణ్ణి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు వాడు.

నేరుగా కొంగతాత దగ్గరికి వెళ్లి తల వంచుకుని నిలబడ్డాడు. "నేర్పు తాతా."

"కాళ్లు ఆనించు" అన్నాడు తాత.

ఇప్పుడు బొంతడి బంతి మునుపంత దూరం పోదు. కానీ ప్రతిసారీ అనుకున్నచోటే పడుతుంది. కోతులు చప్పట్లు కొడతాయి. బొంతడు మాత్రం తల ఎత్తడు. కొట్టబోయే ముందు ఆ తెల్లబంతి వాడికి ఇప్పటికీ గుడ్డులాగే కనిపిస్తుంది.

నీతి: మెప్పు మీద కన్నుంటే గురి తప్పుతుంది; తప్పిన దెబ్బ ఎవరికి తగిలిందో ఒప్పుకున్నవాడికే చెయ్యి కుదురుతుంది.