నల్లరేగడి నోరు విప్పిన వేసవి

ఒకప్పుడు నల్లరేగడి నేలకు నెర్రెలు ఉండేవి కావు. వానకాలంలో కడుపునిండా నీరు త్రాగి ఉబ్బేది. వేసవిలో లోలోపల చిక్కి సగమయ్యేది. అయినా పైచర్మాన్ని బిగబట్టుకుని, కాటుక పూసినట్లు నున్నగా కనిపించేది. అది చిక్కిపోతోందని ఎవ్వరికీ తెలిసేది కాదు.

రేగడికి ఒకటే కొరత. ప్రత్తి, జొన్న, శనగ, ఏది విత్తినా విరగపండేది. కాని ప్రొద్దు గూకగానే మనుషులందరూ కాళ్లకంటిన నల్లమట్టిని పుల్లతో గీకిపారేసి, మిట్టమీది ఎర్రనేలకు వెళ్లిపోయేవారు. ఇళ్లూ పొయ్యిలూ ఉయ్యాలలూ అన్నీ అక్కడే.

ఎర్రనేల రేగడికి మరదలి వరస. ఊరకుండేది కాదు.

"నీకేం వదినా, హాయిగా నిద్రపోతావు. మా మిట్టమీద రాత్రంతా జోలపాటలే. చెవులు చిల్లులు పడుతున్నాయనుకో" అని సాగదీసేది.

రేగడికి ఒళ్లు మండేది. ఒక్క జోలపాటనైనా తన గుండెలమీద వినాలని దాని కోరిక.

ఆ ఏడు కదిరప్ప అనే రైతుకూ అతని భార్య తిమ్మక్కకూ బిడ్డ పుట్టింది. రేగడిచేని గట్టున సొంత ఇల్లు కట్టుకోవాలని వారు ఓబులవ్వను పిలిచారు. ఓబులవ్వ నేల చూసే మనిషి. మన్నును వేళ్లమధ్య నలిపి, వాసన చూచి, నాలుక కొసన వేసుకుని, అది దేనికి పనికివస్తుందో చెప్పేది. ఇంటికైతే ఆమె పరీక్ష వేరు. మోకాటిలోతు గొయ్యి త్రవ్వించి, ఆ మన్నునే తిరిగి పోయించేది. మన్ను మిగిలితే ఇల్లు కట్టవచ్చు. గొయ్యి నిండకపోతే కట్టరాదు.

ఆ పరీక్ష ఎప్పుడూ ఎండాకాలంలోనే. కాని పసిబిడ్డతో పరాయివారి వసారాలో ఉండలేనని తిమ్మక్క కంటనీరు పెట్టుకోగా, ఓబులవ్వ మెత్తబడి తొలకరిలోనే పార పట్టించింది.

సంగతి విన్న రేగడి ముందునాడే మబ్బును బ్రతిమాలుకుంది. ఎవరేమి అడిగినా కాదనడం మబ్బుకు రాదు. కుండపోతగా కురిసింది. రేగడి గుటకలు వేసి, బుగ్గలు పూరించి కూర్చుంది.

గొయ్యి నిండింది. నిండగా ఇంకా గంపెడు మన్ను మిగిలింది. ఓబులవ్వ కనుబొమలు ముడివేసింది కాని, తన పరీక్షను తానే ఎలా కాదంటుంది? సరే, కట్టుకోండని చెప్పి వెళ్లిపోయింది. వానలు తెరపినివ్వగానే మట్టిగోడలు లేచాయి.

చలికాలమంతా రేగడికి పండుగే. సాయంకాలం కాగానే తిమ్మక్క ఉయ్యాల ఊపుతూ జోలపాట పాడేది. రేగడి ఊపిరి బిగబట్టి వినేది. తెల్లవారగానే ఎర్రనేలను పలకరించి, రాత్రి తనకు కంటిమీద కునుకు లేదని, చెవులు నొస్తున్నాయని వాపోయేది. ఎర్రనేల మూతి ముడుచుకునేది.

వేసవి వచ్చింది. సూర్యుడు నడినెత్తికెక్కి కూర్చున్నాడు. రేగడి చిక్కిపోసాగింది. పునాది క్రింద మన్ను కుంగుతోంది. కొంచెం ప్రక్కకు జరుగు నాయనా అని సూర్యుణ్ణి వేడుకుంది. తన దారి విడిచి తాను జరగడం కుదరదన్నాడు సూర్యుడు. మబ్బును కేకవేస్తే, అది ఎక్కడో సముద్రంమీద ఉంది.

ఒక మధ్యాహ్నం ఉయ్యాల ప్రక్కనున్న గోడ కొద్దిగా ముందుకు ఒరిగింది. ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. తిమ్మక్క బయట తిరగలి దగ్గర జొన్నలు విసురుతోంది.

రేగడి గోడనూ ఉయ్యాలనూ మార్చి చూచుకుంది. చర్మాన్ని ఇలాగే బిగబట్టుకుంటే గుట్టు దాగుతుంది. కాని గోడ చెప్పాపెట్టకుండా బిడ్డమీద పడుతుంది. నోరు తెరిస్తే మోసం బయటపడుతుంది. ఇల్లూ పోతుంది, జోలపాటా పోతుంది.

రేగడి నోరు తెరిచింది.

ఫట్టుమని నేల చీలింది. ఆ చీలిక ఉయ్యాల క్రిందనుంచి గడప దాటి తిరగలిదాకా పాకింది. తిరగలి ఒరిగి, పిండి కాస్తా నెర్రెలోకి జారిపోయింది. తిమ్మక్క ఉలిక్కిపడి, నెర్రె వెంబడే లోపలికి పరుగెత్తి, బిడ్డను ఎత్తుకుని బయటపడింది. వెనుకనే గోడ కూలింది.

కబురందుకుని ఓబులవ్వ వచ్చింది. చేతికర్రను నెర్రెలోకి దింపితే పిడిదాకా దిగిపోయింది.

"వానలో అంత నిండుగా కనిపించావు. ఇంత డొల్లను ఎక్కడ దాచావే?" అని అడిగింది.

రేగడి సిగ్గుపడి ఉన్నదంతా చెప్పేసింది: మరదలి దెప్పిపొడుపులు, మబ్బు చేసిన సాయం, జోలపాటమీది ఆశ.

ఓబులవ్వకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "తప్పు నీ ఒక్కదానిదే కాదులే. వానలో గొయ్యి త్రవ్వించినదాన్ని నేనే కదా. కాని ఇకమీదట ఏటా ఎండలు ముదరగానే ఇలాగే నోరు తెరవాలి. ఇల్లు కట్టుకోవడానికి వచ్చినవాడు నిన్ను చూచి వెనుదిరగాలి."

"మరి నా జోలపాట, అవ్వా?"

అవ్వ తిమ్మక్కవైపు చూచింది. తిమ్మక్క బిడ్డను భుజాన వేసుకుని, కూలిన గోడనూ నెర్రెనూ మార్చి మార్చి చూచింది. ఇల్లు మాత్రం మిట్టమీదనే కట్టుకుంటానంది.

"కలుపుతీతకు చేనికి రాక తప్పదు గదా. ఆ తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కడతాను. అప్పుడు విను. మళ్లీ బుగ్గలు పూరించి గోడలు అడిగావో, ఊరుకోను."

అప్పటినుంచే నల్లరేగడి ఏటా వేసవిలో నెర్రెలు విచ్చి, తనలోని డొల్లను దారినపోయే వారందరికీ చూపుతుంది. తొలకరి పడి, చేలలో చీర ఉయ్యాలలు వేలాడే వేళకు గబగబా నోరు మూసుకుంటుంది. నోరు తెరుచుకుని జోలపాట వినడం మర్యాద కాదు గదా.