ముద్ర కింద మాట

అడవిబడి గ్రంథాలయానికి ఎలుగు గున్నయ్య పెద్దదిక్కు. పిల్లల అంబలిలో కలిపే తేనెకుండ కూడా ఆయన కాపలాలోనే ఉండేది. ఎలుగై పుట్టి తేనె ముట్టనివాడని అడవంతా చెప్పుకునేది. ఆ మాట చెవిన పడితే చాలు, గున్నయ్యకి కడుపు నిండిపోయేది.

ఒకరోజు సింహం కచేరీ నుంచి ట్యాబు వచ్చింది. వెంటే ఉత్తర్వు: ఆన్‌లైన్లో కథలు వెతికి పిల్లలచేత చదివించాలి. గున్నయ్య దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. గున్నయ్యకి ఆ అడగడమే చేతకాదు. కుందేలు టీచరు చామంతిని అడిగితే చిటికెలో చూపించేది. 'నిన్నగాక మొన్న బళ్లోకొచ్చిన పిల్లతో, నాకు రాదమ్మా అననా?' అనుకున్నాడు.

నక్క జగ్గులు ఈ సంగతి పసిగట్టాడు.

"ఆ కథలన్నిటికీ తాళాలుంటాయి మామా. తాళంచెవులు మావోళ్ల దగ్గరున్నాయి. అచ్చేయించి నేనే తెచ్చిపెడతాగా! కథకో దొన్నెడు తేనె చాలు."

"అది పిల్లల తేనెరా!"

"కథలూ పిల్లలకేగా! పోనీ, చామంతి టీచర్నే అడుగుతావా?"

గున్నయ్య గబుక్కున కుండ మూత తీశాడు.

కథలు రాసాగాయి. కొత్తది ఏదొచ్చినా మొదటి పేజీ నెత్తిన 'గ్రంథాలయ సొత్తు' అని ముద్ర గుద్దడం ఆయనకి ముప్పయ్యేళ్ల అలవాటు. గుద్దాడు, బీరువాలో పేర్చాడు.

నెల తిరిగేసరికి కుండ అడుగంటింది. చప్పిడి అంబలి ముందు ఉడత పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాయి.

"దొంగచేతికి తాళాలిచ్చినట్టు, ఎలుగుకి తేనె అప్పజెబితే ఇంతే," అన్నాడు బడి ప్యూను కోతి, అందరికీ వినబడేలా.

గున్నయ్యకి తల కొట్టేసినట్టయింది. "నేను నాకలేదురా!" అంటూ కథల కట్ట తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. "తేనె ఇచ్చి మీకోసమే కొన్నానర్రా!"

చామంతి ఒక కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంది.

"గున్నయ్యగారూ, ముద్ర కింద ఏదో ఉంది. చదివారా?"

"ముద్ర వేశానమ్మా."

"చదివారా?"

ఆమె మెల్లగా చదివింది: "ఈ కథ ఉచితం. ఎవరైనా చదవచ్చు, అచ్చేసుకోవచ్చు, పంచుకోవచ్చు." రెండో కాగితం మీదా అదే. కట్టంతా అదే.

ముప్పయ్యేళ్లు పుస్తకాల మధ్య బతికినవాడు ఆ ఒక్క వాక్యం చదవలేదు. పైగా తన చేత్తోనే కప్పేశాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. పిల్లల వైపు చూడలేక, తేనె నాకేశానని ఒప్పుకున్నా ఇంతకంటే నయమేమో అనుకున్నాడు.

గేటు దగ్గర జగ్గులు మూతి తుడుచుకుంటూ కనబడ్డాడు.

"తాళముందన్నావు కదరా!"

"ఉంది మామా, నీ నోటికి. టీచర్ని ఒక్క మాట అడిగుంటే నాకు చుక్క తేనె దక్కేదా?"

మర్నాడు గున్నయ్య గుడ్డ విప్పి ట్యాబు బయటికి తీశాడు. పిల్లలందరూ చూస్తుండగా చామంతి ముందుకెళ్లి తలొంచుకుని నిలబడ్డాడు.

"నాకు రాదమ్మా. నేర్పుతావా?"

నెల క్రితం రావలసిన మాట. పిల్లలు ఆ రోజు కూడా చప్పిడి అంబలే తాగారు.

అడగడానికి సిగ్గుపడ్డవాడు అందరి ముందూ సిగ్గుపడక తప్పదు.